జీవ పరిణామానికి ఆధారాలు: సైబరాబాద్ చుట్టుపక్కల నేల చెప్పేది

నేడున్న జీవరాశులన్నీ పూర్వపు జీవరాశుల నుంచి తరతరాలుగా మార్పు చెందుతూ వచ్చాయనీ, వెనక్కి వెళ్లేకొద్దీ వాటి వంశాలు ఒకదానితో ఒకటి కలిసిపోతాయనీ చెప్పేది జీవ పరిణామ సిద్ధాంతం. 1858లో చార్లెస్ డార్విన్, ఆల్‌ఫ్రెడ్ రసెల్ వాలెస్‌ల రచనలను లండన్‌లోని లినియన్ సొసైటీలో ఒకే సమావేశంలో చదివారు. మరుసటి ఏడు డార్విన్ గ్రంథం అచ్చయింది. తల్లిదండ్రుల లక్షణాలు పిల్లలకు ఏ దారిన వస్తాయో అప్పటికి డార్విన్‌కు తెలియదు. మెండెల్ సూత్రాలు 1900లో మళ్లీ వెలుగు చూశాక ఆర్. ఎ. ఫిషర్, జె. బి. ఎస్. హాల్డేన్, సీవాల్ రైట్ ఆ లోటును గణితంతో పూడ్చారు. జన్యువుల్లో పుట్టే మార్పులు, వాటిలో బతుకుకు పనికొచ్చేవి నిలిచే ప్రకృతి వరణం, చిన్న సమూహాల్లో కేవలం యాదృచ్ఛికంగా జరిగే జన్యు విస్థాపనం, వలసలు, సంకరం: వీటన్నింటినీ కలిపి చూసేదే ఆధునిక పరిణామ సిద్ధాంతం.

దీనికి ఆధారాలనగానే గాలపాగస్ దీవుల పిచ్చుకలు, ఇంగ్లండులో పొగబారిన చెట్ల మీది చిమ్మటలు గుర్తొస్తాయి. మన పాఠాలు అలా అలవాటు చేశాయి. అంతకు తీసిపోని ఆధారాలు హైటెక్ సిటీ నుంచి ఏ దిక్కుకు బయలుదేరినా దొరుకుతాయి. పడమర వికారాబాద్ దారిలో నస్కల్, వాయవ్యాన పటాన్‌చెరు, నగరానికి అవతలి చివర ఉప్పల్, ఇంకాస్త దూరం పోతే ప్రాణహిత ఒడ్డు. సిద్ధాంతానికి అసలు బలం ఏ ఒక్క ఆధారంలోనూ లేదు. ఎముకలు తవ్వినవారు, పాముల క్రోమోజోములు చూసినవారు, పత్తి చేలో పురుగును లెక్కపెట్టినవారు ఒకరి పనితో మరొకరికి సంబంధం లేకుండా పనిచేసి ఒకే చోటికి చేరుకున్నారు. ఆ చేరిక యాదృచ్ఛికమైతే ఎప్పుడో బయటపడేది.

శిలలు, కాలం

మాధాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడల్లో అద్దాల మేడల మధ్య ఇంకా మిగిలిన బండరాళ్లు, దుర్గం చెరువు చుట్టూ ఉన్న గుట్టలు సుమారు 250 కోట్ల సంవత్సరాల నాటి గ్రానైట్. భూమి లోపల కరిగిన శిల చల్లారి గడ్డకట్టినది కాబట్టి ఇందులో శిలాజాలుండవు. అయినా పరిణామ చర్చలో దీనికి స్థానముంది. డార్విన్ కాలంలో సిద్ధాంతానికి ఎదురైన గట్టి అభ్యంతరాల్లో ఒకటి కాలం చాలదన్నది. భూమి చల్లారిన వేగాన్ని బట్టి దాని వయసు కొన్ని కోట్ల ఏళ్లకు మించదని లార్డ్ కెల్విన్ లెక్కకట్టాడు. రేడియోధార్మికత బయటపడ్డాక ఆ లెక్క కూలిపోయింది. యురేనియం సీసంగా మారే వేగం కొలిచి శిలల వయసు తేల్చడం ఇప్పుడు మామూలు పని. భౌతిక శాస్త్రం తన దారిన తాను చేసిన ఈ కొలత జీవశాస్త్రం అడిగిన దానికంటే ఎక్కువ కాలాన్నే ఇచ్చింది. ఆ గ్రానైట్ రాళ్లను పేల్చి పునాదులు తీస్తున్నప్పుడు పోతున్నది అందం ఒక్కటే కాదు.

గోదావరి లోయలోని పొరలు

తెలుగు నేల మీద పరిణామానికి ఉన్న అత్యంత గొప్ప సాక్ష్యం ప్రాణహిత–గోదావరి లోయ. భూమి పగులుగా కుంగిన ఈ పల్లంలో కోట్ల ఏళ్లపాటు నదులు ఇసుక, ఒండ్రు నింపాయి. అడుగున ఉన్నది సింగరేణి బొగ్గు. గ్లోసాప్టెరిస్ అనే అంతరించిన మొక్కల అడవులు పూడిపోయి ఆ బొగ్గుగా మారాయి. అవే మొక్కల శిలాజాలు దక్షిణ అమెరికాలో, ఆఫ్రికాలో, ఆస్ట్రేలియాలో ఉన్నాయి. దక్షిణ ధ్రువం నుంచి తిరిగొస్తూ 1912లో ప్రాణాలు వదిలిన స్కాట్ బృందం చివరిదాకా మోసిన రాళ్లలోనూ ఉన్నాయి. ఈ ఖండాలన్నీ ఒకప్పుడు కలిసే ఉండేవని చెప్పిన తొలి ఆధారాల్లో గ్లోసాప్టెరిస్ ఒకటి.

బొగ్గు పొరల పైన ఎర్రపల్లి, భీమారం, మాలేరి, ధర్మారం, కోట అనే పేర్లున్న పొరలు వరుసగా వస్తాయి. అన్నీ పల్లెల పేర్లే. ఈ వరుసను కాస్త నిదానంగా చూడాలి.

ఎర్రపల్లి పొర సుమారు 24 కోట్ల ఏళ్ల నాటిది. ఇందులో వాడియాసారస్ వంటి, రెండు కోరలున్న బరువైన శాకాహారులు ఉన్నాయి. పైకి సరీసృపాల్లా కనిపించినా ఇవి క్షీరదాల వంశానికి దగ్గరి జంతువులు. డైనోసార్లు లేవు. దాని పైన సుమారు 22–23 కోట్ల ఏళ్ల నాటి మాలేరి పొరలో అల్‌వాకేరియా అనే, ఒకటిన్నర మీటరు పొడవుండే చిన్న తొలి డైనోసార్ కనిపిస్తుంది. అదే పొరలో ముక్కు వంగిన హైపరోడపెడాన్ హక్స్‌లీ ఎముకలు విస్తారంగా దొరికాయి. డార్విన్ తరఫున వాదించిన టి. హెచ్. హక్స్‌లీ పేరు మన గోదావరి జంతువుకు అలా దక్కింది. ఆ జాతికి దగ్గరి బంధువులు స్కాట్లండ్, బ్రెజిల్, అర్జెంటీనా రాళ్లలో ఉన్నాయి. మాలేరి పైభాగం నుంచి ధర్మారం పొరలోకి వచ్చేసరికి జక్లపల్లిసారస్, నంబాలియా, లాంప్లఫ్‌సారా వంటి పొడవు మెడ శాకాహార డైనోసార్లు వస్తాయి. మొదటి రెండింటికీ 2011లో అక్కడి పల్లెల మీదుగానే పేర్లు పెట్టారు. ఇక జురాసిక్ యుగపు కోట పొరలో బరపాసారస్, కోటసారస్ అనే మహాకాయాలు దర్శనమిస్తాయి.

బరపాసారస్ ఎముకలు కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ బృందానికి సిరోంచ దగ్గరి పోచంపల్లిలో దొరికాయి. 1961లో రవీంద్రనాథ్ టాగోర్ శతజయంతి జరుగుతుండటంతో జాతి పేరు వెనక ఆయన పేరు చేరి బరపాసారస్ టాగోరై అయింది. కోటసారస్‌ది ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లాలోని యామన్‌పల్లి. జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా తవ్వకాల్లో కనీసం 12 జంతువులకు చెందిన ఎముకలు బయటపడ్డాయి. పి. యాదగిరి 1988లో దానికి కోటసారస్ యామన్‌పల్లిఎన్సిస్ అని పేరు పెట్టారు. 44 అడుగుల పొడవైన ఆ అస్థిపంజరం హైదరాబాద్ నౌబత్ పహాడ్ మీది బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబడి ఉంది. బడి పిల్లలు దాని పరిమాణం చూసి నోళ్లు తెరుస్తారు. శాస్త్రజ్ఞులు చూసేది దాని తుంటిని, తొడ ఎముకను. నాలుగు కాళ్ల మీద నిలిచిన భారీ శరీరం తర్వాతి మహాకాయాలదే. కాళ్ల ఎముకలు మాత్రం వాటిలో కనిపించే స్తంభాల్లా కాక ఇంకా సన్నగానే ఉన్నాయి. ఎత్తు తక్కువైన తుంటి ఎముక, తొడ ఎముక మీద మిగిలిన ఒక చిన్న ఉబ్బు దాని కంటే పాత బంధువుల ఆనవాళ్లు. పాత లక్షణాలు, కొత్త లక్షణాలు ఒకే దేహంలో, ఆ రెండు గుంపుల నడిమి కాలపు పొరలో దొరికాయి. పరిణామం నిజం కాకపోతే ఇలాంటి జంతువు ఇలాంటి పొరలోనే ఉండాల్సిన అవసరం ఏమీ లేదు.

అదే కోట పొరను జల్లెడ పట్టినప్పుడు మిల్లీమీటర్లలో కొలిచే పళ్లు కొన్ని దొరికాయి. అవి తొలి క్షీరదాలవి. వాటిలో ఒకదానికి 1981లో కోటథీరియం హాల్డేనీ అని పేరు పెట్టారు. పరిణామాన్ని తప్పని తేల్చే ఆధారం ఏదైనా ఉందా అని అడిగినప్పుడు, కేంబ్రియన్ యుగానికి పూర్వపు రాళ్లలో కుందేలు శిలాజం చూపించండి అని హాల్డేన్ అన్నాడని ప్రసిద్ధి. గోదావరి లోయలో కింది నుంచి పైకి తవ్వుకుంటూ వచ్చిన ఎవరికీ వరుస తప్పిన కుందేలు దొరకలేదు. ఆయన పేరు మోసే క్షీరదం ఉండాల్సిన చోటే ఉంది.

నస్కల్ పంటి ముక్కలు

వికారాబాద్ ప్రాంతంలో నేల రంగు మారుతుంది. దక్కన్ లావా ప్రవాహాలు అక్కడిదాకా వచ్చి ఆగాయి. సుమారు 6.6 కోట్ల ఏళ్ల కిందట ఒక లావా ప్రవాహానికీ తర్వాతి దానికీ మధ్య ఏర్పడిన చెరువుల అడుగు మట్టి నస్కల్ దగ్గర పలకలుగా మిగిలింది. అందులోంచి జి. వి. ఆర్. ప్రసాద్, అశోక్ సాహ్నీ 1988లో డెక్కనోలెస్టిస్ అనే చిన్న క్షీరదాన్ని వర్ణించారు. మన దేశంలో క్రిటేషియస్ యుగపు క్షీరదం దొరకడం అదే మొదలు. డైనోసార్లు ఇంకా బతికి ఉన్న రోజుల్లో, ఇప్పటి సైబరాబాద్‌కు ఒక పూట ప్రయాణం దూరంలో, పురుగులు తినే ఎలుకంత జంతువు చెట్లెక్కి తిరిగింది. చెట్లెక్కేదని చెప్పింది దాని చీలమండ ఎముకలు. గోండ్వానాథీర్లు అనే అంతరించిన క్షీరదాల పన్ను ఒకటి కూడా అదే నస్కల్‌లో దొరికింది. వాటి బంధువులున్నది మడగాస్కర్, దక్షిణ అమెరికాల్లో. జీవుల భౌగోళిక విస్తరణ ఖండాల కదలికతో ఇలా అతుకుతుంది. ఖండాలు కదిలాయని సముద్ర గర్భపు అయస్కాంత పట్టీలు వేరుగా రుజువు చేశాయి. పళ్లు చూసినవారికి ఆ పట్టీలతో పనిలేదు.

కట్లపాము, కొండచిలువ

జన్యు సాక్ష్యానికి హైదరాబాద్‌లో కేంద్రం ఉప్పల్ దారిలోని సెంటర్ ఫర్ సెల్యులర్ అండ్ మాలిక్యులర్ బయాలజీ. అందరూ సీసీఎంబీ అంటారు. 1977లో పుష్ప మిత్ర భార్గవ నాయకత్వంలో మొదలైంది. 1998 నుంచి 2009 వరకు దీనికి సారథి లాల్జీ సింగ్. దేశంలో డీఎన్ఏ వేలిముద్రల పద్ధతికి ఆద్యుడిగా ఆయన ప్రజలకు తెలుసు. న్యాయస్థానాల్లో పితృత్వం, హత్య కేసులు తేల్చిన ఆ పద్ధతి పాముల పరిణామం మీద చేసిన పరిశోధన నుంచి పుట్టిందన్నది అంతగా తెలియదు.

లింగ క్రోమోజోములు మొదట మామూలు జంటే అయి ఉంటాయనీ, క్రమంగా అందులో ఒకటి క్షీణించి ఉంటుందనీ సుసుము ఓనో 1967లో ప్రతిపాదించాడు. అది నిజమైతే క్షీణత వేర్వేరు దశల్లో ఉన్న జంతువులు ఎక్కడో కనబడాలి. ఎస్. పి. రే చౌధురి వద్ద కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో పనిచేసిన లాల్జీ సింగ్‌కు ఆ దశలు పాముల్లో కనిపించాయి. కొండచిలువలో జంట రెండూ ఒకేలా ఉంటాయి. జెర్రిపోతు వంటి పాముల కుటుంబంలో తేడా మొదలవుతుంది. తాచు, కట్లపాములలో ఆడపాముకున్న రెండో క్రోమోజోము పూర్తిగా వేరైపోయింది. పసుపు, నలుపు పట్టీల కట్లపాము నుంచి ఆయన, సహచరులు వేరుచేసిన డీఎన్ఏ ముక్కలో జి, ఎ, టి, ఎ అనే నాలుగక్షరాల వరుస పదేపదే వస్తుంది. దానికి బీకేఎం అని పేరు పెట్టి 1980లో ప్రచురించారు. అదే వరుస ఎలుకలో మగ క్రోమోజోము మీద గుమికూడి ఉంది. మనిషి జన్యువుల్లోనూ చెల్లాచెదురుగా ఉంది. మనిషికీ మనిషికీ దాని అమరికలో తేడా ఉండటంతో నేరపరిశోధనకు అది పనిముట్టయింది. పాము నుంచి తీసిన ముక్క మనిషి రక్తపు మరకలో తన జతను వెతుక్కుని అతుక్కుంటుంది.

ఇక్కడ మరో సాక్ష్యాన్ని పక్కన పెట్టాలి. కొండచిలువ తోక మొదట్లో, మలద్వారానికి ఇరువైపులా రెండు గోళ్లలాంటి మొనలుంటాయి. లోపల తుంటి, తొడ ఎముకల అవశేషాలుంటాయి. కట్లపాముకు ఇవేవీ లేవు. వెనక కాళ్లున్న పాము శిలాజాలు అర్జెంటీనాలో, పశ్చిమాసియాలో దొరికాయి. అంటే ఎముకలు చూసినా, క్రోమోజోములు చూసినా కొండచిలువ పాముల వంశంలో ముందే చీలిన కొమ్మ. క్రోమోజోములకు తుంటి ఎముకలతో ఏ సంబంధమూ లేదు. వంశక్రమం ఒక్కటే రెండింటినీ కలుపుతుంది. ఈ చిత్రం ఆ తర్వాత మరింత చిక్కబడింది. కొండచిలువల్లో లింగ నిర్ణయం తాచుల్లోలా కాక మగ క్రోమోజోము వల్లే జరుగుతోందని 2017లో తేలింది. ఓనో ఊహించిన క్షీణత దశలు పాముల్లో ఒకసారి కాదు, వేర్వేరు కొమ్మల్లో విడివిడిగా నడిచాయని దీన్నిబట్టి అర్థమవుతుంది.

పాడైన జన్యువులు

జంతువుల్లో చాలావాటికి సి విటమిన్ తినాల్సిన పనిలేదు. కాలేయంలో తయారవుతుంది. మనకు కాదు. అందుకే ఉసిరి, జామ, నిమ్మ. సి విటమిన్ తయారీలో చివరి మెట్టుకు కావలసిన ఎంజైము జన్యువు మన దగ్గరా ఉంది, కానీ విరిగిపోయి ఉంది. చింపాంజీలో, గొరిల్లాలో, ఆసియా, ఆఫ్రికా కోతుల్లో కూడా అది విరిగే ఉంది. విరిగిన గుర్తులు చాలావరకు ఒకే చోట్ల ఉన్నాయి. సైబరాబాద్‌లో ప్రోగ్రాములు రాసేవారికి దీన్ని విప్పిచెప్పనక్కరలేదు. రెండు ప్రోగ్రాముల్లో ఒకే వరుస దగ్గర, పనికిరాని ఒకే తప్పు ఉంటే రెండూ ఒకే మూలం నుంచి నకలు చేసినవని ఏ టీమ్ లీడైనా నిమిషంలో చెబుతాడు. పనికొచ్చే పోలిక అవసరం కొద్దీ రావచ్చు. పనికిరాని పోలికకు ఉమ్మడి వారసత్వం తప్ప మరో కారణం దొరకదు. గినీపందిలో అదే జన్యువు విడిగా, వేరే చోట్ల విరిగింది. అదీ వంశవృక్షం చెప్పినట్టే ఉంది.

మనిషికి 46 క్రోమోజోములు, చింపాంజీకి 48. మన రెండో క్రోమోజోము మధ్యలో, సాధారణంగా చివర్లలో మాత్రమే ఉండే డీఎన్ఏ వరుసలు ఎదురెదురుగా అతికి ఉన్నాయి. రెండు పూర్వపు క్రోమోజోములు కలిసిన అతుకు అది.

ఈ పోలికల్ని ఏరుకుని చూపించారని ఎవరైనా అనుమానించవచ్చు. దానికి లెక్కతో జవాబుంది. 11 జీవజాతుల బంధుత్వాన్ని వేరులేని వృక్షాలుగా 3,44,59,425 రకాలుగా గీయవచ్చు. డేవిడ్ పెన్నీ, సహచరులు 1982లో 11 జాతుల నుంచి అయిదు వేర్వేరు ప్రోటీన్లను తీసుకుని, ఒక్కోదానితో విడిగా వృక్షం కట్టి చూశారు. ఉమ్మడి వంశం లేకపోతే అయిదూ అయిదు దిక్కులకు పోవాలి. మూడున్నర కోట్ల అవకాశాల్లో అవి ఒకదానికొకటి అతి దగ్గరగా వచ్చాయి. నేడు జీవశాస్త్ర ప్రయోగశాలల్లో వందల జన్యువులతో ఇదే పని మామూలుగా జరుగుతుంది. సిద్ధాంతాన్ని తప్పని తేల్చగలిగే పరీక్ష రోజూ జరుగుతూనే ఉందన్నమాట.

హాల్డేన్, మేనరికాలు, మన్యపు రక్తం

ఆధునిక సిద్ధాంతపు శిల్పుల్లో ఒకడైన హాల్డేన్ 1957లో ఇంగ్లండు వదిలి కలకత్తాకు, 1962లో భువనేశ్వర్‌కు వచ్చాడు. భారత పౌరుడయ్యాడు. ఆయన శిష్యుల్లో పిఠాపురం వాడైన ద్రోణంరాజు కృష్ణారావు మన మేనరికాల మీద, అవి సంతానంపై చూపే ప్రభావం మీద పనిచేశాడు. మేనమామను, మేనత్త కొడుకును చేసుకునే ఆచారం తెలుగువారికి ఎంత మామూలో, జన్యుశాస్త్రానికి అంత విలువైన సమాచారం. 1964 డిసెంబరు 1న హాల్డేన్ మరణించాక ఆయన కోరిక ప్రకారం దేహం కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు వెళ్లింది.

హాల్డేన్ 1949లో ఒక ఊహ చేశాడు. కొన్ని రక్త వ్యాధుల జన్యువులు మలేరియా ప్రాంతాల్లో ఎందుకు పోకుండా నిలిచాయి? ఒక్క నకలు ఉన్నవారికి అది మలేరియా నుంచి రక్షణ ఇస్తుంది కాబట్టి. అయిదేళ్లకే ఆంథొనీ అలిసన్ తూర్పు ఆఫ్రికాలో సికిల్ సెల్ అనే రక్త వ్యాధి విషయంలో దాన్ని నిరూపించాడు. దోమ కడుపులో మలేరియా క్రిమిని రోనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న చూసింది సికింద్రాబాద్ పక్కన బేగంపేటలోనే. ఆ దోమ ఎన్నో తరాలుగా మనుషుల్ని ఎలా వడపోసిందో ఆదిలాబాద్, ఉత్తరాంధ్ర మన్యంలోని గిరిజనుల రక్తంలో నేటికీ సికిల్ సెల్ రూపంలో చూడవచ్చు. రెండు నకళ్లు వచ్చిన బిడ్డ పడే నొప్పి ఆ రక్షణకు చెల్లిస్తున్న వెల. ప్రకృతి వరణానికి దయ లేదు, ముందుచూపూ లేదు.

అన్ని మార్పులూ వరణం వల్లే రావు. సీసీఎంబీకి చెందిన కుమారసామి తంగరాజ్, లాల్జీ సింగ్, హార్వర్డ్‌కు చెందిన డేవిడ్ రీచ్ తదితరులు 2009లో భారతీయ సమూహాల జన్యు చరిత్రను ప్రచురించారు. తెలుగు నేల మీది వైశ్యులు నూరు తరాలకు పైగా వెనక చిన్న మూల సమూహం నుంచి విస్తరించి, బయటి సంబంధాలు దాదాపు లేకుండా కొనసాగారని అందులో తేలింది. అలాంటి చోట ఒక అరుదైన జన్యువు లాభనష్టాలతో నిమిత్తం లేకుండా పెరిగిపోగలదు. శస్త్రచికిత్సలో కండరాలు సడలించేందుకు ఇచ్చే సక్సినైల్‌కోలిన్ మందును విరిచే ఎంజైము లోపం ఈ సమూహంలో ఇతరుల కంటే సుమారు 100 రెట్లు ఎక్కువని 2017లో అదే పరిశోధకుల బృందం రాసింది. నిమిషాల్లో తేరుకోవలసిన రోగి గంటలపాటు ఊపిరి తీసుకోలేడు. మత్తు వైద్యులకు ఇది నిత్య వ్యవహారంలో పనికొచ్చే పరిణామ శాస్త్రం. గుండె కండరాల ప్రోటీను జన్యువులో 25 అక్షరాలు పోయిన మార్పు దక్షిణాసియా వాసుల్లో సుమారు 4 శాతం మందికి ఉందని 2009లోనే మరో పరిశోధన చెప్పింది. దాని దెబ్బ ఎక్కువగా నడివయసు దాటాకే, పిల్లలు పుట్టాక తగులుతుంది. అందుకే వరణం దాన్ని ఏరివేయలేదు.

చేలో, వాగులో

పరిణామం కంటికి కనబడదనేవారు తెలంగాణ, ఆంధ్ర పత్తి చేలకు వెళ్లాలి. 1987లో కోస్తా పత్తిలో శనగపచ్చ పురుగు సింథటిక్ పైరిత్రాయిడ్ మందులకు లొంగలేదు. రైతులు మోతాదు పెంచారు, పిచికారీలు పెంచారు. ప్రతి పిచికారీ తట్టుకున్న పురుగుల సంతానానికే దారి ఇచ్చింది. అప్పులపాలైన ఇళ్లెన్నో.

2002లో, పురుగును చంపే విషాన్ని తనలోనే తయారుచేసుకునే బీటీ పత్తికి అనుమతి వచ్చింది. విత్తనాల 450 గ్రాముల ప్యాకెట్‌తో పాటు 120 గ్రాముల మామూలు పత్తి విత్తనాలు విడిగా ఇచ్చేవారు. చేను చుట్టూ ఆ మామూలు పత్తి వేయమన్నది ఎందుకో రైతుకు సరిగా చెప్పినవారు తక్కువ. ఆ సలహా నేరుగా జన్యు గణితం నుంచి వచ్చింది. విషానికి లొంగని జన్యువు రెండు నకళ్లున్న పురుగు అరుదుగా పుడుతుంది. చుట్టూ మామూలు పత్తి మీద లొంగే పురుగులు బతికి ఉంటే అవి దానితో జతకడతాయి. పుట్టే పిల్లలకు ఒకే నకలు ఉంటుంది కాబట్టి బీటీ మొక్క తిని చస్తాయి. ఈ ఆశ్రయ పంట లేకపోతే లొంగని పురుగులే మిగిలి ఒకదానితో ఒకటి జతకడతాయి. అరెకరం, ఎకరం ఉన్న రైతు చేను చుట్టూ పురుగుకు మేత పెట్టడం ఎలా సాధ్యమని అడగడంలో న్యాయముంది. ఆ ప్యాకెట్లు చాలావరకు గట్ల మీద పారేశారు. సిద్ధాంతం ఏం జరుగుతుందని చెప్పిందో అదే జరిగింది. గుజరాత్‌లో గులాబీ రంగు పురుగు ఒక జన్యువున్న బీటీకి లొంగడం లేదని 2010లో ప్రకటించారు. తర్వాత కొన్నేళ్లకే రెండు జన్యువుల బీటీ కూడా దాని ముందు ఓడింది. తెలంగాణ రైతులు మళ్లీ పిచికారీ డబ్బాలు భుజానికెత్తారు. ముందే చెప్పి, జరిగాక కొలిచి చూపిన పరిణామం ఇది.

ఐటీ కారిడార్ నుంచి పటాన్‌చెరు ఎంతో దూరం లేదు. అక్కడి మందుల పరిశ్రమల వ్యర్థజలాలను శుద్ధి చేసి వదిలే చోట స్వీడన్‌కు చెందిన యోకిమ్ లార్సన్, సహచరులు నీటిని పరీక్షించారు. లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లాక్ససిన్ ఉందని 2007లో ప్రచురించారు. రోగి రక్తంలో ఉండే మోతాదుకు మించిన యాంటీబయాటిక్ నీరుగా పారింది. తర్వాతి పరిశోధనల్లో ఇసకవాగు మట్టిలో, కాజిపల్లి చెరువులో మందులకు లొంగని జన్యువులు విస్తారంగా కనిపించాయి. కాజిపల్లి చెరువులో వాటి రకాలే 80 దాకా లెక్కతేలాయి. బాక్టీరియా ఆ జన్యువులను ఒక జాతి నుంచి మరో జాతికి అందించుకోగలదు. నగరంలో మామూలు జ్వరానికి మందు పనిచేయకపోవడం వెనక ఈ చరిత్ర కూడా ఉండవచ్చు.

కరోనా వైరస్ విషయంలో ఇదే ప్రక్రియ నెలల్లో నడిచింది. 2020 జూన్‌కల్లా సీసీఎంబీ శాస్త్రజ్ఞులు భారతీయ వైరస్ జన్యుక్రమాలను పోల్చి ఏ3ఐ అనే ప్రత్యేక శాఖను గుర్తించారు. అప్పటి నమూనాల్లో సుమారు 41 శాతం అదే. ఏడాది తిరగకముందే డెల్టా వచ్చి పాతవాటన్నిటినీ తోసేసింది.

వేరుశనగ పుట్టుక

చిన్న మార్పులు సరే, కొత్త జాతి ఎలా పుడుతుందన్నది తరచూ వచ్చే ప్రశ్న. జవాబు మన పచ్చడి రోట్లోనే ఉంది. పటాన్‌చెరులో 1972లో ఏర్పడిన ఇక్రిశాట్ అనే పంటల పరిశోధన సంస్థ విత్తన భాండాగారంలో జొన్న, సజ్జ, శనగ, కంది, వేరుశనగ, చిరుధాన్యాల నమూనాలు 1,20,000కు పైగా ఉన్నాయి. వాటిలో దక్షిణ అమెరికా అడవి వేరుశనగలు కూడా ఉన్నాయి. అరాకిస్ డ్యురానెన్సిస్, అరాకిస్ ఇపాఎన్సిస్ అనే రెండు అడవి జాతులకు చెరి 20 క్రోమోజోములు. కొన్ని వేల ఏళ్ల కిందట అవి సంకరమై, సంకరపు మొక్కలో క్రోమోజోములు రెట్టింపై 40 క్రోమోజోముల వేరుశనగ పుట్టింది. 2016లో అడవి జాతుల జన్యుక్రమం చదివినప్పుడు ఇపాఎన్సిస్ డీఎన్ఏ, సాగు వేరుశనగలోని సగభాగం అక్షరాలా దాదాపు ఒకటేనని తేలింది. అనంతపురం మెట్ట చేలల్లో పండేది తల్లిదండ్రుల నుంచి వేరుపడి నిలదొక్కుకున్న కొత్త జాతి. కంది పూర్వీకుడు కజానస్ కజానిఫోలియస్ అడవి మొక్కగా తూర్పు కనుమల్లో నేటికీ ఉంది.

తేలనివి, తేలినవి

2018 జనవరిలో ఒక కేంద్ర మంత్రి డార్విన్ సిద్ధాంతం తప్పని ప్రకటించారు. దేశంలోని మూడు ప్రధాన సైన్స్ అకాడమీలు ఉమ్మడిగా ఖండించాయి. 2023లో ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి సైన్స్ పుస్తకంలో పరిణామ భాగం తొలగించినప్పుడు 1,800 మందికి పైగా శాస్త్రజ్ఞులు, ఉపాధ్యాయులు అభ్యంతరం తెలిపారు. పదో తరగతి తర్వాత జీవశాస్త్రం వైపు రాని పిల్లలే ఎక్కువ. పత్తి రైతు బిడ్డకు, రేపటి సాఫ్ట్‌వేర్ ఇంజినీరుకు ఈ విషయం వినే చివరి అవకాశం ఆ తరగతి.

శాస్త్రజ్ఞుల మధ్య నిజమైన వివాదాలున్నాయి, అవి మరో స్థాయిలో ఉంటాయి. జన్యు మార్పుల్లో ఎక్కువ భాగం లాభనష్టాలు లేని తటస్థ మార్పులేనని మోటూ కిమురా 1968లో వాదించాడు. వరణానికీ యాదృచ్ఛికానికీ వాటా ఎంతన్నది ఇంకా ఒక్కో జన్యువుకూ విడిగా తేలాల్సిందే. జీవం మొదట ఎలా పుట్టిందన్నది రసాయన శాస్త్రపు ప్రశ్న, పరిణామ సిద్ధాంతం జీవం ఉన్నాక జరిగినదాని గురించే మాట్లాడుతుంది. కోట పొర వయసు జురాసిక్‌లో తొలిభాగమా, మధ్యభాగమా అన్న చర్చ నడుస్తోంది. నస్కల్ డెక్కనోలెస్టిస్‌ను కొందరు కోతులు, చెట్టు చుంచులు ఉన్న పెద్ద కొమ్మ దగ్గర పెట్టారు. మరికొందరు నేటి క్షీరద గుంపులన్నిటికంటే ముందే చీలిన పాత కొమ్మ మీద పెట్టారు. దొరికినవి విడి పళ్లు, కొన్ని కాలి ఎముకలు మాత్రమే. పుర్రె దొరికితే ఆ జంతువు ఏ కొమ్మదో తేలిపోతుంది. నస్కల్ మట్టిని బస్తాల్లో తెచ్చి నీళ్లలో నానబెట్టి జల్లెడ పట్టేవారు వెతుకుతున్నది దాని కోసమే.